24 వోల్టుల బ్యాకప్ బ్యాంకు: ఎన్ని ఏహెచ్ కావాలో కొలిచి తేల్చిన ప్రాజెక్టు డైరీ

కరెంటు పోయాక 24 గంటలపాటు ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, లైట్లు, రౌటర్, రెండు ల్యాప్‌టాప్‌లు ఆగకుండా నడవాలి. పని ఇదే. దానికి బ్యాటరీ బ్యాంకు (కలిపి కట్టిన బ్యాటరీలు) ఎన్ని ఏహెచ్ (ఆంపియర్ అవర్లు: ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే కొలత) ఉండాలో తేల్చాలి. నీళ్ల మోటారు, గీజరు, ఇస్త్రీపెట్టె ఈ లెక్కలో లేవు. పావుగంట తిరిగే మోటారు కోసం ఇన్వర్టరు సైజు రెట్టింపు చేస్తే, ఆ పెద్ద ఇన్వర్టరు ఊరికే తాగే కరెంటును రోజంతా బ్యాటరీయే భరించాలి. దానికి బదులు ట్యాంకు ముందే నింపి పెట్టుకోవచ్చు.

వాడిన పరికరాలు:

1. ప్లగ్గుకూ సాకెట్‌కూ మధ్య పెట్టే ఎనర్జీ మీటరు.
2. డీసీ కొలిచే క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టిస్తే కరెంటు చూపేది), ఇన్‌రష్ బటన్ (మోటారు లేచే క్షణంలోని గరిష్ఠ కరెంటును పట్టేది) ఉన్నది. మామూలు ఏసీ క్లాంప్ బ్యాటరీ వైరు మీద పెడితే సున్నా చూపిస్తుంది. హాల్ సెన్సర్ ఉన్నదే తీసుకోవాలి.
3. మిల్లీవోల్టులు చూపే మల్టీమీటరు.
4. 500 ఆంపియర్లు, 50 మిల్లీవోల్టుల షంటుతో (కరెంటు కొలవడానికి వైరు దారిలో పెట్టే చిన్న రెసిస్టరు) బ్యాటరీ మానిటరు (ఎంత వాడాం, ఎంత శాతం మిగిలింది చూపేది).
5. హైడ్రోమీటరు (బ్యాటరీ యాసిడ్ సాంద్రత కొలిచేది), థర్మామీటరు.
6. హైడ్రాలిక్ క్రింపర్ (వైరు చివర లగ్గు అనే లోహపు మొనను నొక్కి బిగించేది), టార్క్ రెంచి (నిర్ణీత బలంతో నట్టు బిగించేది).

దశ 1: లోడ్ కొలత

వస్తువు వెనక రాసిన వాట్లను గంటలతో గుణించి లెక్క వేయకండి. ఫ్రిజ్ మీద 150 వాట్లు అని ఉంది. 24 గంటలకు అది 3,600 వాట్ అవర్లు అవుతుంది. మీటరు పెట్టి చూస్తే రోజుకు 1,150 వచ్చింది. కంప్రెసర్ రోజంతా తిరగదు కదా. అలాగని ఒక గంట కొలిచి 24తో గుణించినా తప్పే: ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో డీఫ్రాస్ట్ హీటరు ఎప్పుడో ఒకసారి వెలుగుతుంది, ఆ గంటలో అది పడకపోతే లెక్క తగ్గిపోతుంది. కనీసం 48 గంటలు మీటరు వదిలేసి సగటు తీయాలి.

కొలిచిన అంకెలు, రోజుకు వాట్ అవర్లలో:

1. ఎల్‌ఈడీ లైట్లు ఆరు: మొత్తం 52 వాట్లు, 5 గంటలు = 260
2. బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు: ఒక్కోటి 28 వాట్లు, 10 గంటలు = 840
3. ఫ్రిజ్ = 1,150
4. రౌటర్, ఫైబర్ పెట్టె కలిపి: 14 వాట్లు, 24 గంటలు = 336
5. ల్యాప్‌టాప్‌లు రెండు: సగటున 40 వాట్ల చొప్పున, 5 గంటలు = 400
6. ఫోన్ చార్జింగ్ = 40

ల్యాప్‌టాప్ అడాప్టర్ మీద 65 వాట్లు అని ఉన్నా అది గరిష్ఠం మాత్రమే. ఈ పట్టికలో తక్కువగా కనిపించి మోసం చేసేది రౌటర్. 14 వాట్లే అయినా నిద్రపోదు కాబట్టి రోజు చివరికి ఆరు లైట్లనూ దాటేసింది.

*ఇప్పటిదాకా మొత్తం: 3,026 వాట్ అవర్లు, ఏసీ వైపు (ఇన్వర్టరు నుంచి వస్తువులకు వెళ్లేది).*

దశ 2: ఇన్వర్టరు తాగేది ఎంత

చాలా లెక్కలు ఇక్కడే తప్పుతాయి. 3,026ను 0.9తో భాగించి, ఎఫిషియెన్సీ కలిపేశాం అనుకుని ముందుకు పోతారు. ఆ 90 శాతం ఇన్వర్టరు సగం లోడ్ మీద ఉన్నప్పటి మాట. రాత్రి రెండు గంటలకు రౌటర్, రెండు ఫ్యాన్లు మాత్రమే నడుస్తున్నప్పుడు ఆ అంకె వర్తించదు.

ఖాళీ వాడకం కొలిచే పద్ధతి:

1. ఏసీ లోడ్లన్నీ తీసేసి, ఇన్వర్టరు ఆన్‌లోనే ఉంచాలి.
2. క్లాంప్ మీటరును వైరుకు దూరంగా, కొలవబోయే దిశలోనే పట్టుకుని జీరో నొక్కాలి. భూమి అయస్కాంత క్షేత్రమే చిన్న రీడింగులను చెడగొడుతుంది. జీరో చేయకుండా ఒక ఆంపియర్ కొలవడం దండగ.
3. బ్యాటరీ పాజిటివ్ వైరు మీద ఆంపియర్లు, టెర్మినళ్ల దగ్గర వోల్టేజి చూసి గుణించాలి.

2 కేవీఏ ఇన్వర్టరు మీద వచ్చినవి 1.1 ఆంపియర్లు, 25.4 వోల్టులు. అంటే 28 వాట్లు, 24 గంటలకు 670 వాట్ అవర్లు. ఏ వస్తువూ నడవకుండానే, లోడ్ మొత్తంలో 22 శాతం. మూడు ఫ్యాన్లు ఎనిమిది గంటలు తిరిగే ఖర్చు ఇది.

ఖాళీ వాడకం పక్కన పెడితే మార్పిడి ఎఫిషియెన్సీ 93 శాతం దాకా ఉంది. కాబట్టి డీసీ వైపు (బ్యాటరీ నుంచి పోయే) లెక్క: 3,026 ÷ 0.93 = 3,254, దానికి 670 కలిపితే 3,924. షంటు 24 గంటల్లో లెక్కించింది 3,960. ఒక శాతం తేడా, సరిపోయింది.

ఈ 670ను తగ్గించడానికి మొదట ఇన్వర్టరులోని సెర్చ్ మోడ్ వాడి చూశాం. కుదరలేదు. ఆ మోడ్‌లో ఇన్వర్టరు అప్పుడప్పుడు చిన్న పల్స్ వదిలి లోడ్ ఉందా అని చూస్తుంది. ఫ్రిజ్ ఎలక్ట్రానిక్ బోర్డు తీసుకునే కరెంటు దాని కనీస హద్దు కంటే తక్కువ, అందుకని ఇన్వర్టరు లేవదు. బోర్డుకు సరైన సరఫరా అందకపోతే కంప్రెసర్‌ను ఆన్ చేసేవాళ్లే ఉండరు. ఎల్‌ఈడీ లైట్లు ప్రతి పల్స్‌కూ మినుకుమన్నాయి. ఫ్రిజ్ ఉన్న లైను మీద సెర్చ్ మోడ్ పనికిరాదు.

చేసిన మార్పులు రెండు:

1. ఖాళీగా 11 వాట్లు మాత్రమే తీసుకునే ఇన్వర్టరు పెట్టాం: 264 వాట్ అవర్లు.
2. రౌటర్‌ను, ఫైబర్ పెట్టెను ఇన్వర్టరు నుంచి తీసి 24 నుంచి 12 వోల్టులకు దించే డీసీ కన్వర్టరుకు కలిపాం: 11.5 వాట్లు, రోజుకు 276.

*ఇప్పటిదాకా మొత్తం: 2,690 (3,026లో రౌటర్ 336 తీసేశాక) ÷ 0.93 + 264 + 276 = 3,432 వాట్ అవర్లు, బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర. గంటకు సగటు 143.*

బ్యాటరీలకు చెయ్యి తగలకుండానే దాదాపు 490 వాట్ అవర్లు తగ్గాయి. సగం వరకే వాడే లెడ్ యాసిడ్ బ్యాంకులో ఇది 24 వోల్టుల మీద 40 ఏహెచ్‌తో సమానం. ఏహెచ్ కొనేముందు ఈ దశకు సమయం పెట్టడం ఎప్పుడూ లాభమే.

దశ 3: కాగితం మీద ఏహెచ్

ట్యూబులార్ లెడ్ యాసిడ్ అయితే:

1. 3,432 ÷ 0.5 (సగం కంటే ఎక్కువ దించకూడదు) = 6,864 వాట్ అవర్లు
2. ÷ 24 వోల్టులు = 286 ఏహెచ్
3. ÷ 0.8 (పాతబడి 80 శాతానికి వచ్చినా సరిపోవాలి) = 358 ఏహెచ్
4. ÷ 0.94 (గది 15 డిగ్రీలకు చల్లబడితే) = 381 ఏహెచ్

నాలుగో మెట్టులో 25 డిగ్రీల కంటే తగ్గే ప్రతి డిగ్రీకీ 0.6 శాతం తీసేశాం. డిశ్చార్జి వేగంగా ఉంటే అది ఒక శాతం దాకా పోతుంది. వేడి గదిలో కెపాసిటీ తగ్గదు, ఆయుష్షు తగ్గుతుంది: 25 దాటాక దాదాపు ప్రతి 10 డిగ్రీలకూ సగమవుతుంది.

సి10, సి20 తేడా కూడా ఇక్కడే చూసుకోవాలి. ఒకే బ్యాటరీని 20 గంటల్లో దించితే ఎక్కువ ఏహెచ్, 10 గంటల్లో దించితే తక్కువ ఏహెచ్ ఇస్తుంది. రెండు కంపెనీల బ్యాటరీలను పోల్చేటప్పుడు రెండూ ఒకే సి రేటు మీద రాసినవేనా అని చూడండి. మన సగటు 6 ఆంపియర్లే కాబట్టి సి10 అంకె పట్టుకుంటే కొంచెం గాలి ఆడే చోటు మిగులుతుంది.

అప్పటికే ఉన్న నాలుగు 150 ఏహెచ్ ట్యూబులార్లను రెండేసి సిరీస్‌లో, ఆ రెండు వరసలను పారలల్‌లో కలిపితే 24 వోల్టులు, 300 ఏహెచ్. 286కు చాలు, 381కి చాలదు. ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో తర్వాతి రెండు దశల్లో తెలిసింది.

దశ 4: వరసలు సమానంగా మోయలేదు, ఇన్వర్టరు మధ్యలో ఆగింది

మొత్తం 31.7 ఆంపియర్ల లోడ్ పెట్టి ఒక్కో వరసను క్లాంప్‌తో చూస్తే, ఒకదాంట్లో 19.6, రెండోదాంట్లో 12.1 ఉన్నాయి. ఇలా వదిలేస్తే మొదటి వరస ప్రతిసారీ లోతుగా దిగి ముందే చస్తుంది. కారణాలు రెండు:

1. పాజిటివ్, నెగటివ్ రెండూ ఒకే వరస చివర నుంచి తీసి ఉన్నాయి. దూరంగా ఉన్న వరసకు రెండు లింకు వైర్ల రెసిస్టెన్సు అదనం. పాజిటివ్ ఒక వరస నుంచి, నెగటివ్ రెండో వరస నుంచి ఐమూలగా తీయాలి.
2. రెండో వరసలో ఒక లగ్గు క్రింపు వదులు. లోడ్ నడుస్తుండగా మల్టీమీటరు ఒక మొన బ్యాటరీ పోల్ మీద, రెండోది లగ్గు దాటాక రాగి వైరు మీద పెడితే 85 మిల్లీవోల్టులు. 12.1 ఆంపియర్లకు అది 7 మిల్లీఓమ్స్. ఒక 150 ఏహెచ్ బ్యాటరీ లోపలి రెసిస్టెన్సు స్థాయి ఒక్క లగ్గులోనే ఉంది. చేత్తో లాగితే ఊడని లగ్గే అది, అందుకే చేత్తో లాగి చూడటం పరీక్ష కాదు.

సుత్తితో కొట్టిన క్రింపులన్నీ కోసేసి హైడ్రాలిక్ క్రింపర్‌తో మళ్లీ వేశాక: 16.4, 15.3. ప్రతి కీలు 5 మిల్లీవోల్టుల లోపే. పారలల్ వరసలు రెండుకు మించకపోవడం మంచిది. మూడు, నాలుగు అయ్యేకొద్దీ ఈ సమానత్వం నిలబెట్టడం కష్టం.

తర్వాత ఇంకో ఇబ్బంది. మానిటరు 60 శాతం చూపిస్తుండగానే, ఫ్రిజ్ కంప్రెసర్ లేచినప్పుడు ఇన్వర్టరు లో బ్యాటరీ అని ఆగిపోయింది. సగం కంటే దిగకూడదని లో కటాఫ్ (ఇన్వర్టరు తనంతట తాను ఆగే వోల్టేజి) 23.4 వోల్టుల దగ్గర పెట్టి ఉంది. లోడ్ మీద బ్యాంకు 24.3 ఉంది. ఇన్‌రష్ బటన్ నొక్కి పట్టుకుంటే డీసీ వైరులో 118 ఆంపియర్లు కనిపించాయి. వోల్టేజి ఎక్కడ పోయిందంటే:

1. వైరు: 16 చదరపు మిల్లీమీటర్ల రాగి, పోను రాను 5 మీటర్లు. 0.0175 × 5 ÷ 16 = 5.5 మిల్లీఓమ్స్. 118 ఆంపియర్లకు 0.65 వోల్టులు.
2. బ్యాటరీల లోపల: దాదాపు 5 మిల్లీఓమ్స్. 0.59 వోల్టులు.

రెండూ కలిస్తే 1.24. ఆ క్షణానికి ఇన్వర్టరు చూసింది 23.06. బ్యాటరీ ఖాళీ కాలేదు, వైరు సన్నం. ఇన్వర్టరును బ్యాంకు పక్కకు జరిపి (లెడ్ యాసిడ్ కాబట్టి సరిగ్గా పైన మాత్రం పెట్టలేదు) 35 చదరపు మిల్లీమీటర్ల వైరు, పోను రాను 2.4 మీటర్లు వేశాక వైరులో పోయేది 0.14 వోల్టులకు తగ్గింది. లో కటాఫ్‌ను 22.4కు దించాం. సగం దగ్గర ఆపే పని వోల్టేజికి కాకుండా షంటు లెక్కకు అప్పగించాం. షంటు నెగటివ్ వైపు, బ్యాటరీకి ఆనుకునే ఉండాలి. అన్ని నెగటివ్ వైర్లూ దాని అవతలి కొస నుంచే బయలుదేరాలి. ఒక్క చిన్న డీసీ వైరును నేరుగా బ్యాటరీ పోల్‌కు కలిపినా ఆ వాడకం మానిటరుకు తెలియదు, శాతం రోజురోజుకూ అబద్ధం చెబుతుంది.

దశ 5: కెపాసిటీ టెస్టు, గ్రావిటీ

1. ఫుల్ చార్జి చేసి కొన్ని గంటలు విశ్రాంతి.
2. మానిటరు ఏహెచ్ సున్నా చేసి, 30 ఆంపియర్ల దగ్గర ఉండేలా లోడ్ సర్దుతూ దించడం.
3. బ్యాంకు 21.6 వోల్టులకు, అంటే సెల్‌కు 1.80కి రాగానే ఆపడం.
4. వెంటనే తిరిగి ఫుల్ చార్జి. ఖాళీగా వదిలితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి కెపాసిటీ తగ్గుతుంది.

గది 16 డిగ్రీలు. వచ్చింది 262 ఏహెచ్. 25 డిగ్రీలకు సరిచేస్తే 277. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆఖరి నిమిషాల్లో ఒక్కో బ్యాటరీని విడిగా కొలిస్తే ఒక వరసలో ఒకటి 11.3, దాని జంట 10.3. మొత్తం 21.6 అని సంతోషపడుతుండగా ఒక బ్యాటరీ హద్దు దాటి దిగిపోయింది. నమోదు చేసిన రీడింగులు వెనక్కి చూస్తే అది 10.8 తాకింది 236 ఏహెచ్ దగ్గరే. బ్యాంకు నిజమైన కెపాసిటీ అదే. సగం 118 ఏహెచ్, అంటే 2,832 వాట్ అవర్లు, గంటకు 143 చొప్పున 20 గంటలకు కొంచెం తక్కువ. సిరీస్ బ్యాంకు టెస్టులో బ్యాటరీకో మీటరు పెట్టండి, ఏ ఒక్కటి 10.8కి వచ్చినా ఆపండి.

గ్రావిటీ (హైడ్రోమీటరు చూపే యాసిడ్ సాంద్రత) చూస్తే కారణం దొరికింది. లేబుల్ ప్రకారం ఫుల్ చార్జిలో 27 డిగ్రీల దగ్గర 1.240 ఉండాలి. 16 డిగ్రీల్లో మంచి సెల్స్ 1.248 చూపించాయి, డిగ్రీకి 0.0007 చొప్పున తగ్గిస్తే సరిగ్గా 1.240. బలహీన బ్యాటరీలో ఒక సెల్ మాత్రం సరిచేశాక 1.190. సెల్స్ మధ్య 0.030 దాటిన తేడా ఉంటే ఈక్వలైజ్ (ఎక్కువ వోల్టేజితో కావాలనే అదనంగా చార్జి చేసి సెల్స్‌ను సమం చేయడం) చేయాలి.

ఈక్వలైజ్‌లో 31 వోల్టులు పెట్టాం, సెల్‌కు 2.58. మూతలు, నీటి మట్టం చూసుకుని, కిటికీలు తెరిచి, నిప్పు దూరంగా ఉంచి మొదలుపెట్టాలి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే అంటుకునే స్థాయి. ఇక్కడ పాడైంది బ్యాటరీ కాదు, రౌటర్ డీసీ కన్వర్టరు: దాని ఇన్‌పుట్ గరిష్ఠం 30 వోల్టులు. బ్యాటరీకి నేరుగా కలిపే ప్రతి వస్తువూ బ్యాంకు చూడబోయే అత్యధిక వోల్టేజిని తట్టుకోవాలి, మామూలు 24ను కాదు. దాని బదులు 9 నుంచి 36 వోల్టుల ఇన్‌పుట్ ఉన్నది పెట్టాం. ఈక్వలైజ్ సమయంలో ఇన్వర్టరు గరిష్ఠ ఇన్‌పుట్ కూడా చూసుకోవాలి, తక్కువైతే విడదీయాలి.

ఆ సెల్ 1.190 నుంచి 1.225 దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. వరసగా మూడు రీడింగుల్లో కదలకపోతే ఇక ఆపేయడమే. అనుమానం చార్జరు మీదికి కూడా పోయింది: అది 15 ఆంపియర్లది. 143 ఏహెచ్ తీస్తే నష్టాలతో 165 దాకా పెట్టాలి. 11 గంటలు పూర్తి కరెంటు, ఆపైన ఆఖరి 15 శాతం నెమ్మదిగా ఎక్కే గంటలు వేరు. కరెంటు తరచూ పోయే రోజుల్లో బ్యాంకు ఎప్పుడూ నిండలేదు. 300 ఏహెచ్ లెడ్ యాసిడ్‌కు 30 ఆంపియర్లు ఇవ్వలేని చార్జరుతో బ్యాంకు పెద్దది చేస్తే సల్ఫేటే పెద్దదవుతుంది.

పాత బ్యాటరీల మధ్య ఒక్క కొత్తది పెట్టడం పరిష్కారం కాదు, కొత్తది పాతదాని స్థాయికి దిగుతుంది. అందుకే బ్యాంకు మొత్తం మార్చాం.

దశ 6: లిథియం ఐరన్ ఫాస్ఫేట్

3,432 ÷ 0.8 (ఇందులో 80 శాతం దాకా వాడుకోవచ్చు) = 4,290. పాతబడటానికి మళ్లీ ÷ 0.8 = 5,362. ÷ 25.6 (ఎనిమిది సెల్స్, ఒక్కోటి 3.2 వోల్టులు) = 209 ఏహెచ్. 230 ఏహెచ్ సెల్స్ ఎనిమిదితో లెక్క కుదురుతుంది. రెండో రోజు కూడా కరెంటు రాకపోతే అన్న జాగ్రత్తతో 280 తీసుకున్నాం.

అమర్చడంలో ఎదురైనవి:

1. టాప్ బ్యాలెన్స్ (అన్ని సెల్స్‌నూ ఫుల్ చార్జి దగ్గర సమం చేయడం). వచ్చినప్పుడు ఎనిమిదీ 3.29 నుంచి 3.30 వోల్టుల మధ్య ఉన్నాయి. అంతా సమానమే అనిపిస్తుంది, కాదు. ఈ కెమిస్ట్రీలో మధ్యభాగం బల్లపరుపు, 40 శాతానికీ 60 శాతానికీ తేడా కొన్ని మిల్లీవోల్టులే. మొదటి చార్జిలో ఏడు సెల్స్ 3.42 దగ్గర ఉండగానే ఒకటి 3.65కు ఎగబాకింది, బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే కంట్రోల్ బోర్డు) ఆపేసింది. అక్కడి నుంచి ఎనిమిదింటినీ పారలల్‌లో కలిపి 3.65 వోల్టుల పవర్ సప్లైతో నింపాం. మొదటి నుంచే పారలల్‌లో పెడితే, 10 ఆంపియర్ల సప్లై సగం ఖాళీగా ఉన్న ఎనిమిది సెల్స్‌లో 1,120 ఏహెచ్ (8 × 280 ÷ 2) నింపడానికి 112 గంటలు తీసుకుంటుంది. సెల్ దగ్గర తక్కువ వోల్టేజి కనిపిస్తోందని సప్లైని 3.65 దాటించకండి. ఆ తేడా వైర్లలో పోయేది. చివర్లో కరెంటు తగ్గగానే మొత్తం సెల్ మీదే పడుతుంది.

2. బస్‌బార్లు (సెల్స్‌ను కలిపే లోహపు పట్టీలు). 30 ఆంపియర్ల దగ్గర ఆరు కీళ్లు ఒక మిల్లీవోల్టు చుట్టుపక్కల, ఏడోది 6. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర. సన్న గరుకు కాగితంతో రుద్ది, టార్క్ రెంచితో డేటాషీట్ అంకెకు బిగిస్తే 1.0కి వచ్చింది. బీఎంఎస్ ఆ 6ను సెల్ తేడాగా లెక్కించి ఉత్తపుణ్యాన బ్యాలెన్స్ చేస్తూ ఉండేది.

3. ఇన్వర్టరు కలపగానే బీఎంఎస్ ఆగడం. ఇన్వర్టరు లోపలి ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా నిండేటప్పుడు బీఎంఎస్‌కు అది షార్ట్ సర్క్యూట్‌లాగే కనిపిస్తుంది. ఇన్వర్టరు స్విచ్ ఆఫ్‌లో ఉంచి, 47 ఓమ్స్, 25 వాట్ల రెసిస్టరు ద్వారా 5 సెకన్లు కలిపి, ఆ తర్వాత మెయిన్ స్విచ్ వేస్తే సరి.

4. ఫ్యూజు. 125 ఆంపియర్ల క్లాస్ టీ, పాజిటివ్ టెర్మినల్‌కు వీలైనంత దగ్గర. ఈ సెల్స్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, అంత కరెంటును నిజంగా తెంపగలిగే ఫ్యూజే కావాలి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ వద్దు. డీసీ ఆర్క్ (తెగిన చోట నిలిచే మెరుపు) దానంతట అది ఆరదు.

5. చార్జరు సెట్టింగులు. 60 ఆంపియర్లు, 28.0 వోల్టులు అరగంట, ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజి) 27.0. ఈక్వలైజ్ ఆఫ్, టెంపరేచర్ కాంపెన్సేషన్ (వేడి, చలిని బట్టి వోల్టేజి మార్చడం) ఆఫ్. లెడ్ యాసిడ్ సెట్టింగులు అలాగే వదిలేస్తే ఒక చల్లని రాత్రి చార్జరు వోల్టేజిని తనంతట తాను పెంచేస్తుంది.

కెపాసిటీ టెస్టులో 271 ఏహెచ్, 6,990 వాట్ అవర్లు వచ్చాయి.

*చివరి మొత్తం: వాడుకోగలిగేది 80 శాతం, 5,592. గంటకు 143 చొప్పున 39 గంటలు. సెల్స్ 80 శాతానికి పాతబడ్డాక 4,474, అంటే 31 గంటలు.*

ఇంకొక్క మార్పు. బీఎంఎస్ టెంపరేచర్ సెన్సర్ బోర్డుకు అతికించి వచ్చింది. చార్జి నడుస్తున్నప్పుడు బోర్డు వేడెక్కి సెల్స్ కంటే 9 డిగ్రీలు ఎక్కువ చూపించింది. ఈ సెల్స్‌ను సున్నా డిగ్రీల కంటే తక్కువలో చార్జి చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటాయి. అలాంటప్పుడు ఆ సెన్సర్ చెప్పేది నమ్మలేం. దాన్ని విప్పి నాలుగో, ఐదో సెల్ మధ్యకు మార్చి, చార్జింగ్ ఆగే హద్దును 5 డిగ్రీలకు పెట్టాం.